పుట్టిన బిడ్డకు మొదటి ఊపిరి

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన వైద్య పరిచర్య సభలో, మన మిషను ఆసుపత్రుల కాన్పుల వార్డు నర్సుల తరఫున చదివిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో వైద్య పరిచర్యను గూర్చి నర్సులు కూడ మాట్లాడవలెనని కమిటీవారు కబురు పంపినప్పుడు మేము కొంచెము వెనుకాడినాము. ఇటువంటి సభలలో మాట్లాడేది డాక్టర్లు. మేము సాధారణముగా వెనుక వరుసలో ఉండి, ఎవరికైనా కళ్లు తిరిగితే నీళ్లు అందిస్తాము. అయినా అడిగినారు కనుక మాకు బాగా తెలిసిన ఒక్క సంగతిని చెప్తాము. ఆసుపత్రులు ఎప్పుడు కట్టినారు, ఏ దొరసానిగారు పునాది వేసినారు, ఎన్ని పడకలు అన్న వివరములు ఈ సంచికలో ఇతరులు వ్రాస్తున్నారు. మేము ఒక్క నిమిషమును గూర్చి మాట్లాడుతాము. అది బిడ్డ భూమి మీద పడిన తరువాత గడిచే మొదటి నిమిషము.

కడుపులో ఉన్న బిడ్డ గాలి పీల్చడు. ఊపిరితిత్తులు నీటితో నిండి ఉంటవి. ప్రాణవాయువంతా తల్లి రక్తమునుండి మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా వస్తుంది. బయటపడినప్పుడు ఆ ఏర్పాటు ముగిసిపోతుంది. మొదటి కొద్ది ఊపిరులతోనే బిడ్డ ఆ నీటిని ప్రక్కకు త్రోసి, ముడుచుకొని ఉన్న గాలిసంచులను తెరుచుకోవలెను. క్రిస్మస్ రోజులలో పిల్లలకు బుడగలు ఊది ఇచ్చినవారికి తెలుసు, క్రొత్త బుడగకు మొదటి ఊదు ఎంత కష్టమో. ఒకసారి తెరుచుకొన్న తరువాత తేలిక. కాన్పు ఆలస్యమైనా, బొడ్డుతాడు నొక్కుకొనిపోయినా, నెలలు నిండకపోయినా ఆ మొదటి ఊపిరికి బిడ్డ బలము చాలదు. అప్పుడు ఎవరో ఒకరు బయటినుండి గాలిని లోపలికి పంపవలెను. పెద్దవారిలో చాలసార్లు ముందు గుండె ఆగి తరువాత ఊపిరి ఆగుతుంది. పసివారిలో ముందు ఊపిరి ఆగుతుంది, గుండె దాని వెనుక నెమ్మదిస్తుంది. కాబట్టి సమయానికి గాలి అందించితే గుండె చాలవరకు తానే కోలుకొంటుంది. సినిమాలలో చూపించే గుండె నొక్కుడు మా గదిలో బహు అరుదు.

లెక్క చెప్పవలెనంటే, నెలలు నిండిన బిడ్డలు 100 మంది పుడితే సుమారు 85 మంది ఎవరి సహాయము లేకుండ అర నిమిషములోపల ఊపిరి తీసుకొంటారు. మరి 10 మంది ఒళ్లు బాగా తుడిచి, వీపు గట్టిగా నిమిరితే తీసుకొంటారు. మిగిలినవారిలో 3 నుండి 5 మందికి సంచి, మాస్కులతో గాలి పట్టవలసి వస్తుంది. గొట్టము వేయవలసినది ఇద్దరికి మించదు. గుండె నొక్కవలసినది 1,000 మందిలో ఒకరికో ముగ్గురికో. అనగా ఈ పనిలో అధిక భాగము పెద్ద డాక్టరు, పెద్ద యంత్రము లేకుండ, దగ్గర నిలిచియున్న నర్సు చేతులతో జరిగేదే. అయినప్పటికిని 2022 సంవత్సరములో ప్రపంచమంతటా నెల నిండకముందే మరణించిన బిడ్డలు సుమారు 23 లక్షలు. అటువంటి మరణములలో దాదాపు నాలుగవ వంతు కాన్పు వేళ ఊపిరి అందక కలిగినవని అంచనా. మన దేశములో 2020 నాటి ప్రభుత్వ లెక్క ప్రకారము పుట్టిన ప్రతి 1,000 మందిలో 20 మంది మొదటి 28 రోజులలోనే పోయినారు.

ఊపిరి తీయని బిడ్డను బ్రతికించవలెనన్న తాపత్రయము క్రొత్తది కాదు. మన పెద్దమ్మలను అడగండి. మంత్రసాని బిడ్డను తలక్రిందులుగా పట్టి పిరుదుల మీద కొట్టేది. ముఖాన చల్లని నీళ్లు చల్లేది. ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపేవారు. కొన్ని ప్రాంతములలో మాయను నిప్పుల మీద వేడి చేసేవారు, బిడ్డ ప్రాణము ఇంకను మాయలోనే ఉన్నదని నమ్మి. ఇవి చెప్పినప్పుడు కొందరు నవ్వుతారు. మాకు నవ్వు రాదు. అంతవరకు బిడ్డను పోషించినది మాయయే కదా, దానిని వేడి చేస్తే తిరిగి పనిచేయునేమోనన్న ఆశలో ఒక తర్కమున్నది. పైగా తలక్రిందులుగా పట్టుకొనుట ఒకప్పుడు ఆసుపత్రులలోను ఉన్న అలవాటే. దాని వలన మేలు లేదు, హాని కలదు. అంతేగాక, అందులో గడచిపోయిన సమయము తిరిగి రాదు.

ఈ విద్యకు ఒక క్రమము వచ్చినది గత శతాబ్దపు నడుమ. అమెరికాలో వర్జీనియా ఆప్గార్ అనే మత్తు డాక్టరు 1952లో పుట్టిన బిడ్డ స్థితిని అయిదు గుర్తులతో కొలిచే పద్ధతిని చెప్పి, 1953లో అచ్చు వేయించినారు. రంగు, గుండె, స్పందన, కండరముల బిగువు, ఊపిరి ఆ అయిదు గుర్తులు. మా కేసు షీట్లలో నేటికిని ఆ మార్కులు వ్రాస్తాము. 1956లో డెన్మార్కులో హెస్సె, రూబెన్ అనే ఇద్దరు, నొక్కి విడిచితే తనంతట తానే గాలితో నిండే సంచిని తయారు చేసినారు. అదే అంబూ బ్యాగు. మన కమ్మరి కొలిమితిత్తికి దగ్గరి చుట్టము. దానికి కరెంటు అక్కరలేదు. ఆక్సిజన్ సిలిండరు కూడ అక్కరలేదు. నెలలు నిండిన బిడ్డకు మొదట గదిలోని మామూలు గాలితో మొదలుపెట్టవచ్చునని 2010 నుండి పెద్ద సంస్థల సూచనలు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో అదే మాట చెప్పినది. పేద ఆసుపత్రికి ఇంతకంటె మంచి వార్త మేము వినలేదు. అంతకు ముందు సిలిండరు ఎక్కడ, తాళము ఎక్కడ, రెంచి ఎక్కడ అని పరుగెత్తేవారు.

ఇక ఆ నిమిషములో ఏమి జరుగవలెనో చెప్తాము. బిడ్డ పుట్టగానే వెచ్చని పొడి గుడ్డతో తుడవవలెను. తడిసిన గుడ్డ తీసివేసి రెండవది కప్పవలెను. ఏడ్చిన బిడ్డను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టవలెను, బొడ్డు కోయుటకు ఒక నిమిషము నుండి మూడు నిమిషములు ఆగవలెను. ఏడ్వని బిడ్డకు వీపు నిమిరి చూడవలెను. నోటిలో అడ్డము కనిపిస్తేనే ముందు నోరు, తరువాత ముక్కు శుభ్రము చేయవలెను. ఉమ్మనీరు పచ్చబడితే గొట్టము వేసి గొంతులోనుండి లాగవలెనని వెనుక నేర్పేవారు. 2015 సూచనల తరువాత అది అందరికీ చేయుట మానివేసినారు. ఇంత చేసినను ఊపిరి లేకపోతే బొడ్డు కోసి, బల్ల మీద పరుండబెట్టి, మెడను కొద్దిగా మాత్రమే వెనుకకు వంచి, మాస్కును నోరు ముక్కు కప్పి గడ్డము మీద ఆనించి, నిమిషానికి 40 నుండి 60 సార్లు సంచి నొక్కవలెను. ఇది మొదలయ్యేసరికి గడియారములో ఒక నిమిషము దాటకూడదు. అందుకే దీనిని బంగారు నిమిషము అంటారు. రొమ్ము పైకి లేస్తున్నదా, అదొక్కటే చూడవలెను. లేవకపోతే తల సరిచేయుట, మాస్కు సరిచేయుట, నోరు కొంచెము తెరచుట, కొంచెము గట్టిగా నొక్కుట. చదువుటకు ఎంత తేలికగా ఉన్నదో చూడండి.

కష్టము ఎక్కడ వస్తుంది? మొదటిది, నవ్వు వస్తుందేమో గాని, బీరువా తాళము. సంచి స్టాకు రిజిస్టరులో ఎక్కిన వస్తువు. పోయినా, చిరిగినా ఇన్‌చార్జి సిస్టరు జీతములోనుండి పట్టుకొనే ఆసుపత్రులు ఉన్నవి. కనుక ఆమె భద్రముగా బీరువాలో పెట్టి తాళము చెవి నడుముకు దోపుకొంటుంది. రాత్రి రెండు గంటలకు ఆమె క్వార్టర్సులో ఉంటుంది. అందులో ఆమె తప్పేమున్నది? సంచిని పోగొట్టినవారిని శిక్షించే పద్ధతి ఉన్నది. అది చేతికి అందనందుకు అడిగే పద్ధతి లేదు. తాళము లేనిచోట మరియొక ఇబ్బంది. పెద్దవారి సంచి ఉంటుంది, పసివారిది ఉండదు. మాస్కులు 0, 1 అని రెండు సైజులు కావలెను. ఒకటే ఉంటుంది, అదియు అంచు బిరుసెక్కి ముఖము మీద ఆనదు. గాలి ప్రక్కలనుండి పోతుంది, రొమ్ము లేవదు. సంచిని విడదీసి కడిగి మరల బిగించేటప్పుడు వాల్వులోని సన్నని బిళ్ల తిరగబడితే సంచి పైకి బాగానే కనిపిస్తుంది గాని గాలి బిడ్డకు చేరదు. అందుచేత ప్రతి డ్యూటీ మారేటప్పుడు మాస్కును అరచేతికి ఆనించి నొక్కి చూడవలెను. అరచేతికి బిగువు తెలియవలెను. దీనికి పట్టేది పది సెకండ్లు.

గది సంగతి కొంచెము. కాన్పుల గది 25 నుండి 28 డిగ్రీల వెచ్చదనముతో ఉండవలెనని నియమము. వేసవిలో మనకు ఆ చింత లేదు. అయితే నొప్పులు పడే తల్లికి చెమటలు పోస్తుంటే ఫ్యాను వేస్తాము. బిడ్డ వచ్చే ముందు దానిని ఆపుట ఎవరికో గుర్తుండవలెను. తడి ఒంటి మీద ఫ్యాను గాలి తగిలితే బిడ్డ నిమిషములలో చల్లబడుతుంది, చల్లబడిన బిడ్డ ఊపిరికి మరింత కష్టపడుతుంది. కరెంటు పోతే వెచ్చబెట్టే యంత్రము పోతుంది, దీపమూ పోతుంది. సెల్ ఫోను దీపమును పండ్లతో పట్టుకొని బిడ్డకు గాలి పట్టిన సిస్టర్లు మాలో ఉన్నారు. గడియారము మాట కూడ చెప్పవలెను. తలుపు బయట ఉన్నవారు అందరికంటె ముందు అడిగేది ఆడబిడ్డా మగబిడ్డా అని. రెండవది, సరిగ్గా ఎన్ని గంటల ఎన్ని నిమిషములకు పుట్టినది అని. జాతకములు చూడని మన క్రైస్తవ ఇండ్లలోను ఎందుకో ఈ ప్రశ్న అడుగుతారు. మేము కాదనము. మాకును గడియారము కావలెను, సెకండ్ల ముల్లు తిరుగుతున్నది కావలెను. గోడ మీది గడియారము బ్యాటరీ అయిపోయి ఆగిపోయి ఉంటే, అరనిమిషము గడిచినదో రెండు నిమిషములు గడిచినవో కంగారులో ఎవరికీ తెలియదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఇది. పుట్టిన ఒక నిమిషములోపల బిడ్డకు ఊపిరి మొదలు కావలెను. అదే ఒక నిమిషములోపల తల్లికి రక్తస్రావము ఆపే ఆక్సిటోసిన్ 10 యూనిట్ల ఇంజెక్షను పడవలెను. రెండును ప్రాణముతో కూడిన పనులే, రెండిటికిని అదే నిమిషము. చిన్న ఆసుపత్రిలో రాత్రి కాన్పుల గదిలో ఉండేది ఒక్క నర్సు, ఒక ఆయా. ఆ నర్సే జనరల్ వార్డులో సెలైన్లు కూడ చూచుకొంటుంది. బిడ్డ ముఖము మీద మాస్కు బిగించిన చేయి ఎత్తితే గాలి ఆగుతుంది. ఎత్తకపోతే వెనుక తల్లికి రక్తము పోతున్నదో లేదో చూచేవారు లేరు. డాక్టరమ్మకు ఫోను చేయుటకు మూడవ చేయి కావలెను. పుస్తకములలో ఈ రెండు పనులు వేరువేరు అధ్యాయములలో ఉంటవి. మా గదిలో రెండును ఒక్క బల్ల చుట్టూ జరుగుతవి. ఇటువంటి రాత్రులలో ఏమి చేయవలెనో ముందే అనుకొని ఉండుట మేలని మేము నేర్చుకొన్నాము. బిడ్డ తల కనిపించకముందే సిరంజిలో మందు ఎక్కించి పెట్టుకొనుట, ఆయాకు ఫోను నంబరు చూపించి ఉంచుట, సంచిని బల్ల మీద విప్పి పెట్టుట వంటివి.

ఇక అభ్యాసము. నెలకు 20 కాన్పులు జరిగే ఆసుపత్రి ననుకొనండి. ఏడాదికి 240. వందకు 5 చొప్పున సంచి అవసరమయ్యేది 12 మంది బిడ్డలకు. ఆరుగురు నర్సులు వంతులవారీగా చేస్తే ఒక్కొక్కరికి ఏడాదికి రెండు సార్లు. ఏడాదికి రెండు సార్లు మాత్రమే పాడే పాటను గాయక బృందము తప్పులు లేకుండ పాడగలదా? పైగా ఏ రోజు పాడవలెనో ముందు తెలియదు. మన దేశములో 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమము పేరిట రెండు రోజుల శిక్షణ మొదలైనది. 2010లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘము, ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలైనవారు కలిసి, బొమ్మ సహాయముతో నేర్పే ఒక సులువైన పాఠమును తయారు చేసినారు. రెండును మంచివే. మాలో చాలమందిమి సర్టిఫికెట్లు తెచ్చుకొన్నాము, ఫ్రేములు కట్టించుకొన్నాము. ఆరు నెలలు గడిచిన తరువాత చేతులకు ఎంత గుర్తున్నదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు ఒక మిషను ఆసుపత్రినుండే వచ్చినది. టాంజానియా దేశములో పట్టణములకు దూరముగా హైడమ్ లూథరన్ ఆసుపత్రి అని ఒకటి కలదు. అక్కడి వారికి ఒక రోజు శిక్షణ ఇచ్చి చూచినారు. బొమ్మ మీద అందరు చక్కగా చేసినారు, కాని నిజమైన బిడ్డల దగ్గరకు వచ్చేసరికి పనిలో మార్పు కనిపించలేదు. నిరాశ పడక, ఈసారి బొమ్మను కాన్పుల వార్డులోనే ఉంచి, వారమువారము కొద్ది నిమిషములు, నెలకొకసారి కొంచెము ఎక్కువసేపు అభ్యాసము చేయించినారు. 24 గంటలలోపల పోయే బిడ్డలు 1,000 కి 11.1 నుండి 7.2 కు తగ్గినారని 2015లో వారు వ్రాసినారు. అదే డాక్టర్లు, అదే నర్సులు, అదే కట్టడము. మారినది వారములో ఆ కొద్ది నిమిషములే.

మన ప్రక్కనున్న కర్ణాటకలో బెళగావి ప్రాంతమునుండి 2013లో వచ్చిన ఫలితము మరియొక విధముగా మమ్ములను ఆలోచింపజేసినది. కాన్పులు చేసేవారికి ఈ శిక్షణ ఇచ్చిన తరువాత, చనిపోయి పుట్టినట్లు వ్రాసిన బిడ్డలు నూటికి 3 నుండి 2.3 కు తగ్గినారు. శిక్షణ వలన కడుపులోని మరణములు తగ్గుటకు పెద్ద కారణము లేదు. మరి ఆ బిడ్డలు ఎవరు? కదలక, ఏడ్వక పుట్టినవారు. ఇదివరకు గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టబడేవారు. అయితే అక్కడ నెలలోపు మరణములు తగ్గలేదని కూడ వారు నిజాయితీగా వ్రాసినారు. బ్రతికించిన బిడ్డను తరువాత వారము రోజులు కాపాడే ఏర్పాటు కూడ ఉండవలెను కదా.

బాగా నేర్చిన సిస్టరును ఆరు నెలలకు కాన్పుల గదినుండి తీసి ఓపీకో, ఆపరేషను థియేటరుకో మార్చుట కూడ మాకు అర్థము కాని సంగతి. అందరికి అన్నీ రావలెనని అంటారు. వడ్రంగిని తీసుకొనిపోయి తాపీ పని చేయించము కదా. నేర్చినవారు కొందరు విదేశములకు, కొందరు పట్టణములకు పోతున్నారు. వారిని నిందించము. మన జీతములు మీకు తెలియనివి కావు.

ఇప్పుడు సంఘస్థులైన మీతో నేరుగా ఒక మాట. మా దగ్గరకు వచ్చే ముందే బిడ్డకు ఊపిరి చిక్కు మొదలైన సందర్భములు తక్కువేమీ కావు. ఊరిలో ఆర్.ఎం.పి. డాక్టరు చేత "నొప్పుల ఇంజెక్షను" వేయించుకొని వస్తారు. కాన్పు త్వరగా అవుతుందని, ఆసుపత్రి ఖర్చు తగ్గుతుందని. ఆ మందు లెక్కలేకుండ పడితే గర్భసంచి విడువకుండ బిగుసుకొనిపోతుంది, నొప్పికి నొప్పికి మధ్య బిడ్డకు అందవలసిన రక్తము అందదు. తల్లికి కాన్పు తరువాత ఏ మందు మేలు చేస్తుందో, కాన్పుకు ముందు అదే మందు ఆ విధముగా బిడ్డకు ముప్పు తెస్తుంది. పొట్ట పైనుండి బలముగా నొక్కించుట కూడ అంతే. వచ్చిన తరువాత మా ప్రశ్నకు, "ఏ ఇంజెక్షనూ వేయించలేదమ్మా" అని అత్తగారు చెప్తుంది. చెప్పండి, మేము తిట్టము. ఎన్ని గంటలకు వేసినారో తెలిస్తే బిడ్డ గుండె చప్పుడు ఎంత తరచుగా వినవలెనో, ఎవరిని సిద్ధముగా ఉంచవలెనో మాకు తెలుస్తుంది. 2005 ఆగస్టునుండి మనకు 108 బండి ఉన్నది. నొప్పులు మొదలైనప్పుడే పిలువండి. గంటలు చూచి, ఉమ్మనీరు పోయిన తరువాత పిలువవద్దు.

ఎంత చేసినను కొందరు బిడ్డలు రారు. ఎంతసేపు ప్రయత్నించవలెను? సరిగా గాలి పట్టినా 10 నిమిషములకు గుండె చప్పుడు అసలు లేకపోతే ఆపవచ్చునని 2012 సూచన. 2020 తరువాత వచ్చిన సూచనలలో సుమారు 20 నిమిషములని ఉన్నది, గాని అవి అన్ని వసతులున్న చోటులకు వ్రాసినవి. డాక్టరు రాకముందు ఆ నిర్ణయము భారము ఒక్క నర్సు మీద పడుతుంది. ఆమెకు ఇరవై మూడేండ్లు ఉండవచ్చును. తలుపు తెరచి ఆ మాట చెప్పవలసినది కూడ ఆమెయే. ఒక చోట ఆ మాట చెప్పిన సిస్టరును బంధువులు చెంప మీద కొట్టినారు. ఆమె మరునాడు డ్యూటీకి వచ్చినది, నెల తిరుగకముందే ఉద్యోగము మానుకొన్నది. ఆమె చేతులు మాలో అందరికంటె నేర్పు గలవి.

బాప్తిస్మమును గూర్చి కూడ అడుగుతారు. బిడ్డ పరిస్థితి తెలిసి, వెంటనే ఇమ్మని ఏడుస్తారు. అత్యవసరములో విశ్వాసి ఎవరైనను ఇవ్వవచ్చునన్న ఆచారము సంఘములో కలదు. మా మనవి ఏమనగా, గాలి పడుతున్న చేతులను దానికొరకు ఆపవద్దు. నాయనమ్మగారో, మరి ఎవరైనా పెద్దలో లోపలికి రావచ్చును, తలుపు తీస్తాము. తడి చేతితో నుదురు తాకి పేరు పెట్టండి. మా పని మేము చేస్తూనే ఉంటాము.

ఆలస్యముగా ఊపిరి వచ్చిన బిడ్డకు తరువాత మంచి వైద్యము చేయించవచ్చును కదా అని కొందరు పెద్దలు అంటారు. పెద్ద దేశములలో అటువంటి బిడ్డల ఒంటిని మూడు రోజులు చల్లబరచి మెదడును కాపాడే పద్ధతి ఉన్నది. మన దేశములోను, శ్రీలంకలోను, బంగ్లాదేశ్ లోను పెద్ద ఆసుపత్రులలో దానిని పరీక్షించి 2021లో ఫలితము ప్రకటించినారు. మేలు కనబడలేదు సరిగదా, చల్లబరచిన బిడ్డలలో మరణములు ఎక్కువైనవి. మొదటి రోజున మూర్ఛలు వచ్చి, మూడేండ్లకు కూడ మెడ నిలుపలేని బిడ్డను ఎత్తుకొని తిరిగే తల్లులు మన సంఘములలోనే ఉన్నారు. వారిని మీరు ఎరుగుదురు. మొదటి నిమిషములో జరుగనిదానిని తరువాత కొని తెచ్చుకొనే దుకాణము లేదు.

చిన్న ఆసుపత్రులలో కాన్పుల వార్డులు నష్టముతో నడుస్తున్నవనీ, మూసివేయవలెననీ ఆసుపత్రి కమిటీలలో మాట వస్తున్నదని విన్నాము. 1883లో గుంటూరుకు వచ్చి 1898లో ఆసుపత్రి తెరచిన అన్నా కుగ్లర్ డాక్టరుగారి నాటినుండి తెలుగు దేశములో మిషను వైద్యము తల్లీబిడ్డలతోనే మొదలైనదని మాకు తెలుసు. అయినా మా అభిప్రాయము కొందరికి కఠినముగా తోచవచ్చును. ప్రతి కాన్పుకు, రాత్రియైనా పగలైనా, నేర్చినవారు ఇద్దరు ఉండే ఏర్పాటు చేయగలిగితే వార్డు ఉంచండి. చేయలేకపోతే మూసివేసి, తల్లులను ప్రభుత్వ ఆసుపత్రికి పంపించే బండి నడపండి. పేరుకు వార్డు ఉంచి ఒక్క నర్సును పెట్టుట మాత్రము వద్దు. బోర్డు చూచి నమ్మి వచ్చే తల్లికి లోపల ఒక్కతే ఉన్నదని తెలియదు.

ఆ ఇద్దరిలో రెండవవారు నర్సే కానక్కరలేదు. మన ఉత్తర సరిహద్దుకు ఆవల గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ గార్లు పల్లెలోని ఆడవారికే నేర్పి, ఇండ్లలో పుట్టిన బిడ్డలకు ఊపిరి అందేటట్లు చేసి, 1999లో లోకమంతటికి చూపినారు. మా ఆయమ్మలు వారికంటె తక్కువవారు కారు. ఇరవై ఏండ్లుగా కాన్పులు చూస్తున్నారు. వారికి నేర్పుటకు మేము సిద్ధము, నేర్చినవారికి జీతములో కొంత పెంచుటకు కమిటీ సిద్ధము కావలెను. పసివారి సంచి ఒకటి, రెండు సైజుల మాస్కులు కలిపి ఒక స్మార్టుఫోను వెలకంటె చాల తక్కువ. కోత పండుగ వేలములో ఒక గుమ్మడికాయను ఎంతకు పాడుకొన్నారో మేము చూచినాము, ఆ లెక్కన ఒక్కొక్క పాస్టరేటు ఒక్కొక్క సంచి కొనుట భారము కాదు. కొన్న సంచిని బీరువాలో పెట్టకూడదన్న షరతును మాత్రము రసీదు మీదనే వ్రాయించండి.

అభ్యాసపు బొమ్మను ఈ రోజు వెంట తెచ్చినాము. నీళ్లు నింపితే నిజమైన బిడ్డ బరువు ఉంటుంది, సరిగా గాలి పడితే రొమ్ము లేస్తుంది. భోజనముల తరువాత పారిష్ హాలు వరండాలో బల్ల మీద ఉంచుతాము. కమిటీ పెద్దలు ముందు రావలెనని కోరుతున్నాము. మాస్కు అంచు కళ్ల మీదికి రాకుండ పట్టుకొని, ఒక నిమిషములో రొమ్మును నలభైసార్లు లేపి చూడండి. గడియారము మేము పట్టుకొంటాము.